బేరియాట్రిక్ సర్జరీ తర్వాత వచ్చే ఇబ్బందులు: ఏది దేనివల్ల, ఏం చేయాలి

బరువు తగ్గడానికి పొట్టకి చేసే ఆపరేషన్లనే బేరియాట్రిక్ సర్జరీ అంటారు. అందులో ఒకటైన గ్యాస్ట్రిక్ బైపాస్ నాకు అయ్యి మూడేళ్లు దాటింది. ఆపరేషన్‌కి ముందు తిరగని ఆసుపత్రి లేదు, అడగని ప్రశ్న లేదు. అయ్యాక మాత్రం ఏ ఇబ్బంది వచ్చినా ఇంట్లో అందరిదీ ఒకటే మాట: "పొట్ట కోయించుకున్నావు కదా, ఇంతేలే." ఆ మాట నమ్మి దాదాపు నెలన్నర వాంతులు ఓర్చుకున్నాను. ఓర్చుకోవాల్సిన పనే లేదని ఆలస్యంగా తెలిసింది. అందుకే ఇది రాస్తున్నాను.

ముందుగా మీకు జరిగింది ఏ ఆపరేషనో తెలిసి ఉండాలి. స్లీవ్ అయితే జీర్ణాశయంలో ముప్పావు వంతుకు పైగా తీసేసి, మిగిలినదాన్ని అరటికాయంత గొట్టంలా ఉంచుతారు. బైపాస్ అయితే పైభాగాన సుమారు 30 మిల్లీలీటర్ల చిన్న సంచి చేసి, దాన్ని చిన్నపేగుకి కలుపుతారు. తిన్నది పాత జీర్ణాశయాన్నీ, చిన్నపేగు మొదటి భాగాన్నీ తాకకుండా దిగిపోతుంది. స్లీవ్ వాళ్లకి పులితేన్పులు, ఛాతీలో మంట ఎక్కువ. బైపాస్ వాళ్లకి విటమిన్ల లోటు, తీపి పడకపోవడం ఎక్కువ. డిశ్చార్జ్ కాగితం ఫొటో తీసి ఫోన్‌లో పెట్టుకోండి. ఊళ్లో డాక్టరు దగ్గరికి వెళ్లినప్పుడు అదే పనికొస్తుంది.

ఇంట్లో చూసుకోకూడనివి

మొదటి వారాల్లో జ్వరం, కూర్చున్నచోటే నాడి 120 దాటడం, కడుపునొప్పి, ఎడమ భుజంలో నొప్పి, ఆయాసం ఉంటే కుట్టు దగ్గర లీక్ అయిందేమోనని అనుమానించాలి. ఒక కాలి పిక్క వాచి నొప్పి పుట్టినా, ఉన్నట్టుండి ఊపిరి అందకపోయినా రక్తం గడ్డకట్టి ఉండొచ్చు. మలం తారులా నల్లగా వచ్చినా, వాంతిలో రక్తం కనిపించినా పుండు పడి ఉండొచ్చు. బైపాస్ అయిన ఏళ్ల తర్వాత కూడా కడుపులో మెలిపెట్టే నొప్పి వస్తే లోపల పేగు ఇరుక్కుపోయే ప్రమాదం ఉంది. దాన్ని గ్యాస్ నొప్పి అనేసి సోడా తాగించే పెద్దలు మనిళ్లలో ఉంటారు. వీటిలో ఏది కనిపించినా అర్ధరాత్రయినా సరే ఆసుపత్రికే.

మూడో ముద్దకే అడ్డం పడుతోంది, వాంతి అవుతోంది

చాలామందికి కారణం తినే వేగం. నా సంగతే చెప్తాను. అందరికీ వడ్డించి, బడి బస్సు వచ్చేలోగా వంటింట్లో గట్టు దగ్గర నిలబడి పది నిమిషాల్లో తినేదాన్ని. పొట్ట మారింది కానీ చెయ్యి పాత వేగంతోనే కలుపుతోంది. మన ముద్ద కూడా తక్కువదేం కాదు, అందులో కొత్త సంచికి సరిపోయేది పావు వంతే. మెత్తగా వండిన అన్నం, బ్రెడ్డు, చపాతీ నమిలినకొద్దీ జిగురుగా ఉండలు కట్టి దారికి అడ్డం పడతాయి. పొడిపొడిగా ఉన్న చికెన్ ముక్కా అంతే.

చిన్న చెంచాతో తినండి. ఒక్కో ముద్ద గుజ్జయ్యేదాకా నమలండి. భోజనానికి 20 నుంచి 30 నిమిషాలు పట్టాలి. నేను ఫోన్‌లో అలారం పెట్టుకుని కూర్చునేదాన్ని, మా పిల్లలు నవ్వేవాళ్లు. తినేటప్పుడు నీళ్లు తాగకండి, తిన్నాక అరగంట ఆగండి. ఎక్కిళ్లు రావడం, ముక్కు కారడం, రొమ్ము ఎముక వెనక బిగపట్టినట్టు ఉండడం, ఇవి పొట్ట 'చాలు' అనే గుర్తులు. "ఈ ఒక్క ముద్దతో అయిపోతుంది, పారేయడం ఎందుకు" అనుకుంటే ఆ ఒక్క ముద్దే తిన్నదంతా బయటికి తెస్తుంది.

ఇంత జాగ్రత్తగా తిన్నా వాంతి ఆగకపోతే, మెత్తటివి కూడా దిగకపోతే, చివరికి నీళ్లే నిలవకపోతే తప్పు మీది కాదు. కుట్టు వేసినచోట దారి ఇరుకై ఉండొచ్చు. నాకు అదే అయింది. ఎండోస్కోపీ చేసి బెలూన్‌తో రెండుసార్లు వెడల్పు చేశారు, మూడో వారం నుంచి ఇడ్లీ తిన్నాను. నెలన్నర ముందే వెళ్లి ఉంటే ఎంత బాగుండేదో!

ఇక్కడ అందరికీ తెలియాల్సింది ఇంకొకటుంది. రెండు మూడు వారాలు వాంతులు సాగితే ఒంట్లో బి1 విటమిన్, అంటే థయమిన్, అడుగంటుతుంది. ఒక వస్తువు రెండుగా కనిపించడం, నడుస్తుంటే తూలడం, మాట పొంతన లేకపోవడం దాని గుర్తులు. ఆలస్యమైతే మెదడుకి మళ్లీ మానని దెబ్బ తగులుతుంది. నీరసంగా ఉందంటే వెంటనే వీధి చివర క్లినిక్‌లో ఒక గ్లూకోజు సీసా ఎక్కించుకోవడం మనకి అలవాటు. బి1 తక్కువగా ఉన్న ఒంట్లోకి ముందు గ్లూకోజు ఎక్కిస్తే పరిస్థితి విషమిస్తుంది. "నాకు బైపాస్ అయింది, వాంతులవుతున్నాయి, ముందు థయమిన్ ఇవ్వండి" అని రోగి నోటితోనో, పక్కనున్నవాళ్ల నోటితోనో చెప్పించాలి. మొహమాటపడకండి.

తీపి తిన్న కాసేపటికే గుండె దడ, చెమటలు

గృహప్రవేశంలో అర గిన్నె పాయసం తిన్నాను. పావుగంటలో చెమటలు పట్టి, గుండె దడదడలాడి, కడుపు మెలిపెట్టి విరేచనమైంది. చక్కెర ఒక్కసారిగా పేగులోకి జారిపోవడం వల్ల పేగు నీటిని లాక్కుంటుంది. దీన్ని డంపింగ్ అంటారు. ఇది తిన్న అరగంటలోపే వస్తుంది.

రెండో రకం తిన్న గంట నుంచి మూడు గంటల మధ్య వస్తుంది. చేతులు వణుకుతాయి, కళ్లు తిరుగుతాయి, ఆకలి పీకేస్తుంది. తీపికి ఇన్సులిన్ అతిగా ఊరి షుగర్ పడిపోతుంది. అప్పుడు స్వీటు తింటే కాసేపు బాగుండి, మళ్లీ అదే చక్రం తిరుగుతుంది. గ్లూకోమీటర్‌తో చూసుకోండి. 70 కంటే తక్కువ ఉంటే కొద్దిగా గ్లూకోజు వేసుకోక తప్పదు, కానీ కోలుకోగానే గుడ్డో పనీరో వేయించిన శనగపప్పో తినాలి. తరచూ వస్తుంటే డాక్టరుకి చెప్పండి, దీనికి మందులున్నాయి. రోజువారీ జాగ్రత్త మాత్రం సులువే: ప్రోటీన్ ముందు, అన్నం చివర, పళ్లరసాలు అసలొద్దు.

లేచి నిలబడితే కళ్లు తిరుగుతున్నాయి

రెండు కారణాలుంటాయి. నీళ్లు చాలకపోవడం ఒకటి. రోజుకి లీటరున్నర నుంచి రెండు లీటర్లు గుక్కగుక్కగా, రోజంతా తాగుతూ ఉండాలి. ఒకేసారి చెంబెడు ఎత్తే రోజులు పోయాయి. మే నెల ఎండల్లో ఉప్పు వేసిన పలుచటి మజ్జిగ నాకు బాగా పనిచేసింది. రెండోది, బరువు దిగుతున్నా బీపీ, షుగర్ బిళ్లలు పాత మోతాదులోనే సాగడం. ఆపరేషన్ అయిన కొన్ని రోజుల నుంచే షుగర్ దిగుతుంది. ఇంట్లో రీడింగులు రాసుకుని డాక్టరుకి చూపించి తగ్గించుకోండి, సొంతంగా మానేయొద్దు.

మూడో వారానికే బరువు ఆగిపోయింది

ఎక్కువమంది ఏడ్చేది ఇక్కడే. మొదట్లో దిగిన కిలోల్లో చాలా భాగం ఒంట్లో నిల్వ ఉన్న చక్కెర (గ్లైకోజెన్), దానితో కూడిన నీరు. మూడు నుంచి ఆరు వారాల మధ్య శరీరం మళ్లీ కొంత నీరు పట్టుకుంటుంది, ముల్లు కదలదు. అది తాత్కాలికమే. తిండి ఇంకా కోసేయకండి, కోస్తే కరిగేది కండే. వారానికి ఒక్కసారే బరువు చూసుకోండి. నాకు ముల్లు పదహారు రోజులు కదల్లేదు కానీ, ఆ రోజుల్లోనే గిన్నెలు తోముతుంటే గాజులు జారి సింకులో పడ్డాయి.

దువ్వెన నిండా జుట్టు

మూడో నెల నుంచి ఆరో నెల దాకా ఊడుతుంది. ఆపరేషన్ తాకిడికీ, వేగంగా బరువు తగ్గినందుకూ కుదుళ్లు విశ్రాంతిలోకి పోతాయి. ఏడాది తిరిగేసరికి చాలామందికి మళ్లీ వస్తుంది. మన చేతిలో ఉన్నది ప్రోటీన్. రోజుకి 60 నుంచి 80 గ్రాములు కావాలి. గుడ్డుకి సుమారు 6 గ్రాములు, 100 గ్రాముల పనీరుకి సుమారు 18. పలుచటి పప్పుచారు లెక్కలోకి రాదు. శాకాహారులకి ప్రోటీన్ పొడి, మీల్ మేకర్, గట్టి పెరుగు లేకుండా ఈ లెక్క తేలడం కష్టం. బయోటిన్ బిళ్లలు తెగ అమ్ముతారు, లోటు లేనివాళ్లకి వాటితో పెద్ద ప్రయోజనం ఉండదు. పైగా థైరాయిడ్ పరీక్ష ఫలితాన్ని తారుమారు చేయగలవు. ఏడాది దాటినా ఊడుతుంటే ఐరన్, జింక్, థైరాయిడ్ చూపించుకోండి.

నీరసం, పాదాల్లో తిమ్మిర్లు

బి12, ఐరన్, విటమిన్ డి లోట్లు. బిళ్లలు మానేసిన నెలలో ఏమీ తెలియదు, చిక్కంతా అక్కడే ఉంది. కాలేయంలో దాచిన బి12 చాలాకాలం నెట్టుకొస్తుంది, అయిపోయాక నరాలు చెప్తాయి. విటమిన్లు జీవితాంతం. రక్తపరీక్షలు మొదటి ఏడాది మూడు నాలుగుసార్లు, ఆ తర్వాత ఏటా. కాల్షియం సిట్రేట్ రూపంలో అయితే ఆమ్లం తగ్గిన పొట్టకి నయం. ఒకసారికి 500 మిల్లీగ్రాములే వేసుకోండి, ఐరన్‌కీ దానికీ రెండు గంటల ఎడం ఉండాలి. ఐరన్ బిళ్ల టీతో మింగితే మింగనట్టే.

మోకాళ్ల నొప్పికి మందుల షాపులో అడిగి కొనే డైక్లోఫెనాక్, ఐబుప్రొఫెన్ బైపాస్ వాళ్లు ముట్టకూడదు, కుట్టు దగ్గర పుండు పడుతుంది. పొగ తాగినా అదే. నొప్పికి పారాసిటమాల్ అడగండి. మద్యం కూడా మునుపటికంటే త్వరగా, ఎక్కువగా తలకెక్కుతుంది. తిండి మీది యావ మద్యం మీదికి మళ్లినవాళ్లు ఉన్నారు. ఆడవాళ్లు ఏడాది నుంచి ఏడాదిన్నర దాకా గర్భం రాకుండా చూసుకోవాలి. పీసీఓడీ ఉన్నవాళ్లకి బరువు తగ్గగానే నెలసరి దారిలో పడి అనుకోకుండా గర్భం నిలుస్తుంది. బైపాస్ తర్వాత గర్భం రాకుండా మింగే మాత్రల మీద నమ్మకం పెట్టుకోలేం, వేరే పద్ధతి అడగండి.

రెండో ఏడు దాటాక మళ్లీ పెరుగుతోంది

ఏడాదిన్నర ప్రాంతంలో బరువు అడుగుకి చేరుతుంది. ఆ తర్వాత కొద్ది కిలోలు పెరగడం మామూలే. ఆగకుండా పెరుగుతుంటే దొంగ ఎక్కడున్నాడో వెతకాలి. నా దొంగ కారప్పూస డబ్బాలో దొరికాడు. చికెన్ రెండు ముక్కలకే నిండే పొట్ట, కారప్పూసకి ఎప్పటికీ నిండదు. నోట్లో కరిగి జారిపోతుంది. టీలో ముంచిన బిస్కెట్టు, ఐస్‌క్రీమ్, మిక్చరు కూడా అంతే. ఒక వారం నోట్లో పడినదంతా, పిల్లల కంచంలో మిగిలింది తిన్నా సరే, రాయండి. నేను మూడో రోజుకే డబ్బా పక్కింటికి ఇచ్చేశాను. తినే వేళలు కట్టుదిట్టం చేసుకోండి, వారంలో రెండు మూడు రోజులైనా బరువులెత్తే వ్యాయామం చేయండి. ఎంత తిన్నా నిండినట్టే లేకపోతే సర్జన్‌కి చూపించండి. ఎండోస్కోపీతో తెలిసే కారణాలూ ఉంటాయి, బరువు తగ్గే మందులూ ఇప్పుడు ఉన్నాయి.

"పాపం చిక్కిపోయావు, షుగరా?"

ఈ జబ్బుకి బిళ్ల లేదు. పెళ్లిలో "ఇంకొంచెం వేసుకోవే" అంటూ గరిటెతో వెంటపడేవాళ్లని మొదట్లో ఎలా ఆపాలో తెలియక తినేసి, బాత్రూముకి పరిగెత్తేదాన్ని. ఇప్పుడు పంక్తిలో కూర్చోను. ముందే వంటవాళ్ల దగ్గరికి వెళ్లి చిన్న గిన్నెలో పప్పు, పెరుగు, ఒక కూర పెట్టించుకుంటాను. మా పిన్ని రెండేళ్లు అలిగింది. మొన్న సంక్రాంతికి వెళ్తే మనవడి పాలగిన్నె కడిగి నాకోసం తీసి పెట్టింది. దాంట్లో సగానికి సగం నెయ్యే పోసిందనుకోండి!