ఎల్క్ వేటలో బాణం ఎక్కడ తగలాలి? గురి ఎలా పెట్టాలి?

అమెరికాలో కొలరాడో, మోంటానా, వయోమింగ్ లాంటి పర్వత రాష్ట్రాల్లో సెప్టెంబరు వచ్చిందంటే విల్లుతో ఎల్క్‌ను, అంటే అక్కడి పెద్ద జాతి జింకను, వేటాడే సీజన్. మన దేశంలో 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం వేట నేరం. అక్కడ లైసెన్సు తీసుకుని, నియమాలు పాటిస్తూ వేటాడవచ్చు. కొలరాడోలో 1949 జనవరి 1న, ఆ తర్వాత పుట్టినవాళ్లకు హంటర్ ఎడ్యుకేషన్ సర్టిఫికెట్ తప్పనిసరి. అక్కడ ఉంటూ కొత్తగా విల్లు పట్టే తెలుగువాళ్లు ముందుగా నేర్చుకోవాల్సింది బాణం ఎప్పుడు వదలకూడదు అన్నది.

1. బాణం ఎలా చంపుతుందో తెలుసుకోండి. తుపాకీ గుండుకుండే అదురు బాణానికి ఉండదు. బ్రాడ్‌హెడ్ (బాణం కొనకు బిగించే బ్లేడ్ల ములికి) అంచులు లోపలి అవయవాలను, రక్తనాళాలను కోస్తేనే, ఆ రక్తస్రావంతోనే జంతువు చనిపోతుంది. బాగా ఎదిగిన మగ ఎల్క్ 300 కిలోలు దాటుతుంది. అంత జంతువు కూడా రెండు ఊపిరితిత్తులూ తెగితే ఎక్కువ దూరం పోలేదు. అందుకే అంచులు గడ్డం గీసే బ్లేడంత పదునుగా ఉండాలి.

2. మీ దూరం ముందే తేల్చుకోండి. ఎన్ని గజాల నుంచి వేస్తే ప్రతి బాణమూ భోజనం ప్లేటంత చోట పడుతుందో, అదే మీ హద్దు. మైదానంలో ప్రాక్టీసు వేరు, కొండ ఎక్కి ఆయాసపడుతూ వేయడం వేరు. కాబట్టి అడవిలో ఆ హద్దును ఇంకా తగ్గించుకోవాలి.

3. పక్కకు తిరిగి నిలబడే దాకా ఆగండి. జంతువు పూర్తిగా అడ్డంగా నిలబడినప్పుడు, మీ వైపున్న ముందుకాలి వెనక అంచు వెంబడి చూపును పైకి తీసుకెళ్లండి. ఛాతీ అడుగు నుంచి వీపు దాకా ఉన్న ఎత్తులో కింది నుంచి మూడో వంతు దగ్గర ఆగండి. గురి అక్కడే. గుండె పైభాగం, ఊపిరితిత్తులు అక్కడికి దగ్గర్లోనే ఉంటాయి. ఆ ముందుకాలు ముందుకు జరిగిన క్షణం ఇంకా మంచిది, భుజం కండ దారి ఇస్తుంది.

చాలామంది చేసే పొరపాటు పైకి గురి పెట్టడం. మెడ దగ్గర వెన్నెముక బయటికి కనిపించే వీపు గీతకు చాలా కింద ఉంటుంది. పైన కనిపించేది ఎక్కువగా కండ, జూలు. అక్కడ తగిలిన ఎల్క్ గాయంతోనే కొండలు దాటిపోతుంది. మరీ ముందుకు వేస్తే భుజం ఎముక బాణాన్ని ఆపేస్తుంది. మరీ వెనక్కి వేస్తే పొట్ట.

4. ఏటవాలుగా ఉంటే బాణం బయటికి వచ్చే చోటు చూడండి. జంతువు తల అవతలికి పెట్టి ఏటవాలుగా నిలబడితే అదీ మంచి అవకాశమే. అప్పుడు అవతలి ముందుకాలిని ఊహించుకుని, బాణం దాని దగ్గరే బయటపడేలా వేయండి. అంటే ఇవతలి వైపు కాస్త వెనక, పక్కటెముకల్లోంచి లోపలికి వెళ్తుంది. మీ వైపు ఏటవాలుగా తిరిగి ఉంటే మాత్రం వదిలేయండి, భుజం ఎముకే అడ్డం. ఎదురుగా రొమ్ము చూపిస్తూ నిలబడితే వేసే అనుభవజ్ఞులు ఉన్నారు. కానీ ఆ సందు చాలా చిన్నది, కొత్తవాళ్లకు వద్దనే నా గట్టి మాట. వెనక నుంచి అసలు వద్దు.

5. వదిలాక కదలకండి. టెన్షన్‌లో చాలామంది వెంటనే పరిగెడతారు. బాణం ఎక్కడ తగిలిందో, జంతువు చివరిసారి ఏ చెట్టు పక్కన కనిపించిందో గుర్తు పెట్టుకోండి. చెవులు రిక్కించి వినండి, పడిన చప్పుడు వినిపించవచ్చు. తర్వాత బాణం వెతికి చూడండి.

నురగతో లేత ఎరుపు రక్తమైతే ఊపిరితిత్తులు. కనీసం అరగంట ఆగి వెళ్లండి. ముదురు ఎరుపైతే కాలేయం కావచ్చు, మూడు నాలుగు గంటలు ఆగాలి. బాణం మీద పచ్చటి మరకలు, పులిసిన వాసన ఉంటే పొట్టలో తగిలినట్టే. ఎనిమిది నుంచి పన్నెండు గంటలు ఆగాలి. తొందరపడి కదిలిస్తే పడుకున్న జంతువు లేచి పోతుంది, మళ్లీ దొరకడం కష్టం. సెప్టెంబరు ఎండకు మాంసం త్వరగా పాడవుతుంది కాబట్టి ఈ ఎదురుచూపు నిజంగా కష్టమే. అయినా పొట్టలో తగిలినప్పుడు ఆగడం తప్ప దారి లేదు. రక్తం చుక్క కనిపించిన ప్రతి చోటా రంగు టేపు కట్టుకుంటూ వెళ్లండి. జాడ తప్పితే చివరి టేపు దగ్గరికి తిరిగొచ్చి, అక్కడి నుంచి చుట్టూ మెల్లగా వెతకండి.