టూ స్ట్రోక్ ఇంజన్ విప్పి కట్టడం: నాలుగవ పాఠం – పిస్టన్ ఎంపిక

గత పాఠంలో హెడ్డు, సిలిండరు విప్పి, పిస్టన్‌ను కనెక్టింగ్ రాడ్డు నుంచి వేరు చేసి, అన్నింటినీ కిరోసిన్‌తో కడిగి ఆరబెట్టడం వరకు వచ్చాము. విప్పిన క్రాంక్ కేసు నోట్లో శుభ్రమైన గుడ్డ కుక్కి ఉందని ఒకసారి చూసుకుని ఈ పాఠం మొదలుపెట్టండి. మన ఉదాహరణ బండి ఎప్పటిలాగే యమహా ఆర్ఎక్స్ 100. 1985లో మన దేశంలో వచ్చి 1996లో తయారీ ఆగిపోయినా, వరంగల్ చుట్టుపక్కల మొరం బాటల మీద తిప్పడానికి మడ్‌గార్డు ఎత్తించి, గుబ్బల టైర్లు వేయించి డర్ట్ బైకులా మార్చుకునేవారు ఇప్పటికీ దీన్నే వెతుక్కుంటున్నారు. దీని సిలిండరు వ్యాసం 50 మి.మీ., స్ట్రోకు 50 మి.మీ., ఘనపరిమాణం 98 సీసీ.

చాలామంది సిలిండరును ముందు లేత్ షెడ్డులో బోరు చేయించి, అంటే లోపలి గోడను కాస్త పెద్ద సైజుకు కోయించి, ఆ తరువాత దానికి సరిపోయే పిస్టన్ కోసం దుకాణాలు తిరుగుతారు. ఈ పని తలకిందులుగా జరగాలి: కొలత ముందు, పిస్టన్ కొనడం తరువాత, బోరు చివర. మా ఊరి లేత్ మేస్త్రీ ఒకాయన సిలిండరు ఒక్కటే చేతపట్టుకుని వచ్చిన కుర్రవాళ్లను "ముందుగాల పిస్టన్ తీస్కరాపో, గప్పుడు బోరు సంగతి చూద్దాం" అని తిప్పి పంపేవాడు. అప్పట్లో అది ఆయన చాదస్తమనుకున్నాను. ఎందుకు కాదో కొద్దిసేపట్లో చెబుతాను.

కొత్తది కొనే ముందు పాత పిస్టన్‌ను వెలుతురులో తిప్పి చూడండి. పాతది ఎందుకు చచ్చిందో తెలియకుండా వేసిన కొత్త పిస్టన్ కూడా అదే దారిన పోతుంది. గీతలు సైలెన్సరు వైపు మాత్రమే ఉండి, అక్కడ అల్యూమినియం కరిగి పూసినట్టు కనిపిస్తే, పెట్రోలు తక్కువై గాలి ఎక్కువైన మిశ్రమం కాలిందనో, ఆయిలు అందలేదనో అనుమానించాలి. కార్బ్యురేటరు జెట్టు, ఇన్‌టేక్ రబ్బరులో పగులు, మాగ్నెటో వైపు క్రాంక్ ఆయిల్ సీలు, ఆయిల్ పంపు ఈ నాలుగూ చూడవలసినవి. గీతలు నాలుగు మూలల్లో సమానంగా పడి ఉంటే పిస్టన్‌కు, సిలిండరు గోడకు మధ్య సందు చాలకపోవడమో, చల్లని ఇంజన్‌ను వేడెక్కనివ్వకుండా పూర్తి యాక్సిలరేటరుతో తిప్పడమో కారణం. ఇక కార్బ్యురేటరు వైపు పిస్టన్ పావడా (రింగుల కింది గోడ) మెరుపు పోయి ఇసుక కాగితంతో రుద్దినట్టు బూడిద రంగులో ఉంటే, అది దుమ్ము చేసిన పని. మన చల్క నేలల దుమ్ములోనూ, కరీంనగర్ వైపు గ్రానైటు లారీలు తిరిగే బాటల దుమ్ములోనూ క్వార్ట్‌జ్ రేణువులు ఉంటాయి. అవి సిలిండరు ఇనుము కన్నా గట్టివి. ఆయిలు పూయని ఎయిర్ ఫిల్టరుతో ఒక వేసవి తిరిగిన బండిలో ఈ అరుగుదల కంటికే కనిపిస్తుంది.

ఇప్పుడు సిలిండరు కొలవాలి. సిలిండరు లోపలి వ్యాసం కొలిచే బోర్ గేజ్ ఉన్నవారు పైన, మధ్యన, కింద మూడు ఎత్తుల్లో, ఒక్కొక్క ఎత్తులో ముందు-వెనుకగా ఒకసారి, అడ్డంగా ఒకసారి కొలిచి ఆరు అంకెలు రాసుకోవాలి. బోర్ గేజ్ లేని ఇంట్లో పని ఆగనక్కరలేదు. ఒక పిస్టన్ రింగు, సన్నని రేకులతో సందు కొలిచే ఫీలర్ గేజ్ ఒకటి ఉంటే చాలు. రింగును సిలిండరులో పెట్టి, తలకిందులు చేసిన పిస్టన్‌తో నెట్టి సమతలంగా నిలబెట్టండి. మొదట అడుగున, పోర్టుల (గోడలో వాయువులు వచ్చిపోయే కిటికీల) కింద, రింగు ఎన్నడూ చేరని చోట దాని రెండు కొసల మధ్య సందు కొలవండి. తరువాత పైన, రింగు నడక ముగిసే గట్టుకు కొంచెం కింద కొలవండి. రెండు సందుల తేడాను 3.14తో భాగిస్తే వ్యాసంలో అరుగుదల వస్తుంది. కింద 0.20 మి.మీ., పైన 0.42 మి.మీ. అనుకుందాం, తేడా 0.22, భాగిస్తే 0.07 మి.మీ. పైన, కింద వ్యాసాల తేడా 0.05 మి.మీ. దాటితే బోరు చేయించాలనేది వర్క్‌షాప్ మాన్యువళ్లలో తరచుగా కనిపించే హద్దు కనుక, ఈ సిలిండరు బోరుకు వచ్చినట్టే. ఈ పద్ధతికి ఒక లోపం ఉంది: ఇది చుట్టుకొలతను పట్టిస్తుంది గాని, సిలిండరు కోడిగుడ్డులా సాగిందో లేదో చెప్పదు. అందువల్ల చివరి మాట లేత్ షెడ్డులోని డయల్ గేజ్‌దే.

ఏ సైజు పిస్టన్ కొనాలనేది ఇక్కడే తేలుతుంది. దుకాణాల్లో స్టాండర్డ్ తరువాత ఇరవై ఐదు, యాభై, డెబ్బై ఐదు, హండ్రెడ్ అని అడిగేవన్నీ 0.25 మి.మీ. చొప్పున పెరిగే సైజులు. ఇరవై ఐదు సైజుకు కోసినప్పుడు గోడ మీద ఒక్కొక్క వైపు పోయేది 0.125 మి.మీ. మాత్రమే. గోడ మీది గీత లోతు 0.15 ఉందనుకుంటే ఇరవై ఐదులో అది పూర్తిగా చెరిగిపోదు, యాభైకి వెళ్లవలసిందే. గీతలు పోయేంత చిన్న సైజు ఏదో అదే మన సైజు. అంతకు మించి ఒక్క మెట్టు కూడా ఎక్కకూడదు. "ఎలాగూ కోయిస్తున్నాం కదా, హండ్రెడ్ వేస్తే బండి గట్టిగా లాగుతుంది" అనే సలహా నూటికి తొంభైమంది ఇస్తారు. 50 మి.మీ. బోరు 51కి పెంచితే వచ్చేది నాలుగు సీసీలు. ఆ నాలుగు సీసీల కోసం స్లీవుకు (సిలిండరు లోపలి ఇనుప గొట్టానికి) మిగిలిన మూడు బోర్ల ఆయుష్షును ఒక్క పూటలో ఖర్చు చేయడం నాకు నచ్చదు.

ఇంకొక చిట్కా కూడా చెలామణిలో ఉంది: అరిగిన స్టాండర్డ్ సిలిండరులో ఇరవై ఐదు సైజు రింగు కొసలు ఆకురాయితో రుద్ది ఇరికించడం. అలా ఇరికించిన రింగు గుండ్రంగా నిలవదు, గోడను అంతటా తాకదు, కంప్రెషన్ నెల తిరగకముందే పోతుంది. దాని జోలికి వెళ్లకండి.

పిస్టన్ కొనేటప్పుడు పాతదాన్ని సంచిలో వేసుకుని వెళ్లాలి. హన్మకొండలో దొరకకపోతే హైదరాబాదు పుత్లీబౌలి దాకా వెళ్లవలసి రావచ్చు. అప్పుడు పాత పిస్టన్ చేతిలో ఉంటేనే ఆ ప్రయాణం వృథా కాదు. రెండింటినీ పక్కపక్కన నిలబెట్టి చూడవలసినవి ఇవి: పిస్టన్‌ను కనెక్టింగ్ రాడ్డుకు కలిపే పిన్ను రంధ్రం వ్యాసం, పిన్ను మధ్య నుంచి పిస్టన్ తల వరకు ఎత్తు, పావడాలో కార్బ్యురేటరు వైపు కిటికీల ఆకారం, రింగు గాడిలో ఉండే చిన్న మేకు స్థానం. ఆ మేకు టూ స్ట్రోక్ పిస్టన్‌కే ప్రత్యేకం. రింగు తిరిగి దాని కొస పోర్టులో చిక్కుకోకుండా పట్టి ఉంచుతుంది. మేకు పాత పిస్టన్‌లో ఉన్న చోట కాక, పోర్టుకు ఎదురుగా వచ్చేటట్టు ఉన్న నకిలీ పిస్టన్ వేస్తే, మొదటి కిలోమీటరులోనే రింగు విరుగుతుంది. తలపై సైజు అంకె, సైలెన్సరు వైపు చూపే బాణం గుర్తు స్పష్టంగా ఉన్నాయా, రింగు గాడుల అంచులు నునుపుగా ఉన్నాయా అని వేలితో తడిమి చూడండి. పెట్టె మీది హోలోగ్రాము కన్నా ఈ తడమడం మీద నాకు ఎక్కువ నమ్మకం.

బరువు కూడా చూడాలి. క్రాంకుకు ఎదురు బరువు పాత పిస్టన్‌ను లెక్కలో పెట్టుకుని తూచినది కనుక, కొత్త పిస్టన్ బాగా బరువైనదైతే హ్యాండిల్‌లో వణుకు పెరుగుతుంది. తెలిసిన కంసాలి దుకాణంలో పిన్నుతో, రింగులతో సహా రెండింటినీ తూయించండి. సైజు పెరిగినందువల్ల రెండు మూడు గ్రాముల తేడా ఉంటే దిగులు లేదు.

ఇప్పుడు ఆ మేస్త్రీ మాటకు వస్తాను. యాభై సైజు పిస్టన్ అంటే సరిగ్గా 50.50 మి.మీ. ఉంటుందని అనుకోకూడదు. కొందరు తయారీదారులు నడక సందును పిస్టన్‌లోనే తగ్గించి 50.46 చేస్తారు, కొందరు అంతకన్నా పెద్దగా చేసి, సందును బోరులో ఇమ్మంటారు. నేను ఒకసారి పిస్టన్ చేతికి రాకముందే సిలిండరును 50.50కి కోయించాను. తరువాత కొన్న పిస్టన్ 50.485 వచ్చింది, మిగిలిన సందు 0.015 మి.మీ. పిస్టన్ లోపలికి నునుపుగా జారింది కనుక బాగానే ఉందనుకున్నాను. ములుగు దాటాక ఒక ఎగువలో వెనుక చక్రం పట్టేసి బండి జారింది. విప్పి చూస్తే నాలుగు మూలల్లోనూ గీతలు. అల్యూమినియం వేడికి ఇనుము కన్నా రమారమి రెట్టింపు వ్యాకోచిస్తుంది. ఆ వ్యాకోచానికి నేను చోటు ఉంచలేదు.

కాబట్టి పిస్టన్‌ను మైక్రోమీటరుతో కొలవాలి. అది పూర్తి గుండ్రమూ కాదు, నిటారు గొట్టమూ కాదు. పిన్నుకు అడ్డంగా, పావడా అడుగు నుంచి సుమారు 10 మి.మీ. పైన కొలిచిన అంకె దాని అసలు సైజు. మాన్యువల్ గాని పెట్టెలోని కాగితం గాని ఏ సందు చెబితే దాన్ని ఆ అంకెకు కలిపితే బోరు కొలత వస్తుంది. గాలితో చల్లబడే ఈ పరిమాణపు ఇంజన్లలో పోత పిస్టన్‌కు సాధారణంగా ఇది 0.04 మి.మీ. దగ్గర ఉంటుంది, దెబ్బకొట్టి చేసిన ఫోర్జ్‌డ్ పిస్టన్ ఎక్కువ వ్యాకోచిస్తుంది కనుక ఇంకా ఎక్కువ కావాలి. పిస్టన్ 50.46, సందు 0.04 అయితే బోరు 50.50. ఈ అంకెను కాగితం మీద రాసి, పిస్టన్‌తో పాటు మేస్త్రీకి ఇవ్వండి. రెండు వస్తువులనూ ఒకే నీడలో గంటసేపు ఉంచాకే కొలవాలని కూడా చెప్పండి. రామగుండం మే నెల ఎండలో బండి ట్యాంకు మీద పెట్టిన పిస్టన్, నీడలోని సిలిండరు కన్నా ఇరవై డిగ్రీలు వేడిగా ఉంటే, అది 0.02 మి.మీ. పెద్దదిగా కనిపిస్తుంది. మనం పెట్టదలచిన సందులో అది సగం.

బోరు కోత తరువాత హోనింగ్, అంటే గోడను సన్నని రాయితో రుద్దడం, తప్పనిసరి. గోడ మీద అడ్డంగా ఒకదానినొకటి కోసే సన్నని గీతలు ఆయిలును పట్టి ఉంచుతాయి. కోతతో పోర్టుల అంచులు కత్తిలా తయారవుతాయి, వాటిని కొద్దిగా వాలుగా రుద్దమని అడగాలి. అడగకపోతే చాలా షెడ్లలో ఆ పని చేయరు. ఇంటికి తెచ్చాక సిలిండరును వేడి నీళ్లు, సబ్బు, బ్రష్షుతో కడగండి. తెల్ల గుడ్డతో తుడిస్తే బూడిద రంగు అంటని దాకా కడిగి, వెంటనే ఆయిలు పూయాలి. పెట్రోలుతో కడిగితే హోనింగ్ రాయి పొడి గీతల్లోనే ఉండిపోతుంది.

రింగులు పిస్టన్‌తో వచ్చినవే వేయాలి. ఒక్కొక్కదాన్నీ కొత్త బోరులో పెట్టి కొసల సందు చూడండి, 50 మి.మీ. బోరుకు 0.20 మి.మీ. చుట్టుపక్కల ఉండాలి. పిన్ను క్లిప్పులు పాతవి ఎన్నడూ తిరిగి వేయకండి. కనెక్టింగ్ రాడ్డు చిన్న కొసలో పిన్ను తిరిగే నీడిల్ బేరింగు కూడా కొత్తదే కొనండి.

ఒక హెచ్చరిక: యమహా వైజడ్ వంటి విదేశీ డర్ట్ బైకు చేతికి వచ్చినవారికి ఈ బోరు లెక్క వర్తించదు. వాటి సిలిండరు గోడకు ఇనుప స్లీవు ఉండదు, నికెల్-సిలికాన్ కార్బైడ్ పూత ఉంటుంది. పూత బాగుంటే ఏ, బీ అక్షరాల గుర్తుతో వచ్చే పిస్టన్లలో సరిపోయేది వేస్తారు. పూత లేచిపోతే మళ్లీ పూత వేయించాలి లేదా సిలిండరు మార్చాలి.

అభ్యాసం. మీ సిలిండరులో రింగు సందును పైన, కింద కొలిచి వ్యాసంలో అరుగుదల లెక్కగట్టండి. గోడ మీద గోరు తగిలే గీత ఉంటే దాని చోటు, ఏ వైపు ఉందో రాసుకోండి. పాత పిస్టన్ మీది గుర్తులు పైన చెప్పిన మూడింటిలో దేనికి దగ్గరగా ఉన్నాయో ఒక వాక్యంలో రాయండి. వచ్చే పాఠంలో క్రాంక్ ఆయిల్ సీళ్లను, బేరింగులను ఎంచుకునేటప్పుడు ఆ వాక్యం అవసరమవుతుంది.