స్ప్రింగులు మార్చి దించిన కారుకి అలైన్‌మెంట్ ఎలా చేయించాలి?

కారు దించాక టైర్లు లోపలి అంచున అరిగితే నెపమంతా క్యాంబర్ మీదికే పోతుంది. అసలు టైరుని తినేసేది ఎక్కువగా టో. చక్రం పైభాగం లోపలికి వాలితే నెగటివ్ క్యాంబర్. పైనుంచి చూస్తే రెండు చక్రాల ముందు అంచులు దగ్గరకో దూరంగానో తిరిగి ఉండటం టో. క్యాంబర్ కాస్త ఎక్కువైనా టైరు దొర్లుతూనే ఉంటుంది. టో తప్పితే రోడ్డుకి రాసుకుంటూ పోతుంది.

మారుతి స్విఫ్ట్‌నే తీసుకుందాం. ముందు మ్యాక్‌ఫర్సన్ స్ట్రట్లు (స్ప్రింగూ షాక్ అబ్జార్బరూ కలిసిన నిలువు కాళ్లు), వెనక టార్షన్ బీమ్ (రెండు వెనక చక్రాలనీ కలిపే అడ్డ దూలం). కంపెనీ ఇచ్చిన సర్దుబాటు ముందు చక్రాల టో ఒక్కటే.

కొత్త స్ప్రింగులు వేసిన రోజే అలైన్‌మెంట్‌కి పరుగెత్తకండి. అవి కొన్ని వందల కిలోమీటర్లు తిరిగాక గానీ పూర్తిగా కూర్చోవు. చక్రం మధ్య నుంచి ఫెండర్ అంచు దాకా నాలుగు మూలలా టేపుతో కొలిచి రాసుకోండి. కొలత మారడం ఆగాకే వెళ్లండి. అప్పటిదాకా టో మరీ తప్పకుండా ఒకసారి పైపైన సరిచేయిస్తే చాలు.

చాలామంది మెకానిక్‌లు వదిలేసేది లోయర్ ఆర్మ్ బుష్‌లు, అంటే చక్రాన్ని కింద పట్టి ఉంచే చేయి బాడీకి కలిసే చోట ఉండే రబ్బరు ముక్కలు. కారు జాకీ మీద వేలాడుతుండగా ఆ బోల్టులు బిగిస్తే రబ్బరు అదే స్థితిలో పట్టుకుంటుంది. కారు కిందికి దిగాక ఎప్పుడూ మెలితిరిగే ఉంటుంది, త్వరగా చిరుగుతుంది, ఎత్తు కూడా సరిగా కూర్చోదు. బరువంతా చక్రాల మీద ఉండగా వదులు చేసి మళ్లీ బిగించమనండి. ఆ చేయి చివరి బాల్ జాయింట్లో, టై రాడ్ (స్టీరింగ్‌ని చక్రానికి కలిపే కడ్డీ) ఎండ్లో ఆట, అంటే వదులు, ఉంటే ముందు అవి మార్పించాలి. లేకపోతే మెషీన్ చూపించే అంకె రోడ్డెక్కగానే మారిపోతుంది.

టైర్లలో గాలి సరిచూసి, డిక్కీలో అనవసరమైన సామాను తీసేసి వెళ్లండి. ముందు బంపర్ రాసుకోకుండా టైర్ల కింద పెట్టడానికి రెండు చెక్కలు కూడా పట్టుకెళ్లండి, ర్యాంపు ఎక్కేటప్పుడు మీకే పనికొస్తాయి.

మెషీన్ దగ్గర వరుస ముఖ్యం: ముందు క్యాంబర్, చివర్లో టో. క్యాంబర్ కదిపితే టో కూడా కదులుతుంది. స్ట్రట్‌ని నకుల్‌కి (చక్రం బిగించి ఉండే ఇనుప దిమ్మకి) కలిపే రెండు బోల్టుల్లో పైదాని బదులు క్యాంబర్ బోల్టు (తిప్పితే చక్రం వాలు మారే బోల్టు) వేస్తే డిగ్రీ పైచిలుకు సర్దుకోవచ్చు. అది అసలు బోల్టు కన్నా సన్నం, కాబట్టి టార్క్ రెంచ్‌తోనే (ఎంత బలంతో బిగిస్తున్నామో చూపించే పానాతోనే) బిగించాలి. రోజూ తిరిగే కారుకి నెగటివ్ క్యాంబర్ 1 నుంచి 1.5 డిగ్రీల మధ్య, కుడి ఎడమల తేడా అర డిగ్రీ లోపు ఉంటే నాకు చాలు. రెండు డిగ్రీలు ఫొటోల్లో బాగుంటుంది, అంతే.

టోని సున్నాకి దగ్గరగా పెట్టించండి, మొత్తం 0.1 డిగ్రీ లోపలికి ఉన్నా ఫర్వాలేదు. స్టీరింగ్ నిటారుగా లాక్ చేసి రెండు టై రాడ్లూ తిప్పాలి. ఒక్కదాన్నే తిప్పితే టో కుదురుతుంది, స్టీరింగ్ మాత్రం వంకరగా ఉండిపోతుంది. రాడ్ తిప్పేముందు రబ్బరు బూటు క్లిప్పు వదులు చేశారా చూడండి, లేదంటే బూటు మెలిపడి చిరుగుతుంది.

స్క్రీన్ మీద అంతా పచ్చగా ఉందని సరిపెట్టుకోకండి. పచ్చ రంగు చూపించే ఆ హద్దులు కంపెనీ ఎత్తుకి ఇచ్చినవి, పైగా వెడల్పైనవి. ఎడమ చక్రం ఒక కొసన, కుడి చక్రం ఇంకో కొసన ఉన్నా పచ్చగానే కనిపిస్తుంది, కారు మాత్రం ఒక పక్కకి లాగుతుంది. అంకెలే చదవండి, ప్రింటు తీసుకోండి.

వెనక టార్షన్ బీమ్‌కి సర్దుబాటు లేదు. అంకెలు బాగా తేడాగా ఉంటే బీమ్ వంగిందేమో చూపించాలి, చిన్న తేడాకైతే షిమ్‌లు (పలచని లోహపు బిళ్లలు) వేస్తారు.

వెయ్యి కిలోమీటర్ల తర్వాత టైరు మీద అరచేయి అడ్డంగా నిమరండి. ఒక దిశలో నున్నగా, ఎదురు దిశలో రంపం పళ్లలా తగిలితే టో తప్పింది. పళ్లేమీ లేకుండా లోపలి అంచు మాత్రమే నున్నగా అరుగుతుంటే అప్పుడు క్యాంబర్‌ని అనుమానించండి.