పాత కొరియన్ కవితను పాటగా చదవడం – 3వ పాఠం: అర్థం లేని మాటలను వదిలేయకండి

పోయిన పాఠంలో "ఆఉ" దగ్గర ఆపాం, గుర్తుందా? కొరియాలోని ప్రాచీన సిల్లా రాజ్యం నాటి పాట అయిన పది పాదాల హ్యాంగాలో ఎనిమిది పాదాలు సాగాక గొంతు ఒక్కసారి "ఆఉ" అని నిట్టూరుస్తుంది, ఆ తర్వాత రెండు పాదాల్లో పాట ముగుస్తుంది. చివర వచ్చే "ఉ"ని పెదవులు గుండ్రంగా చుట్టకుండా, పక్కలకు సాగదీసి పలకాలి. ఇంకా రాకపోతే ముందు అది పలికి రండి, ఈరోజు పాఠంలో దానితో చాలా పని ఉంది.

హ్యాంగాలతో ఒక చిక్కు ఉంది. మనకు ముఖ్యంగా దొరికినవి 25, "సామ్‌గుక్ యూసా" అనే పాత కథల, చరిత్రల పుస్తకంలో 14, క్యూన్యో అనే భిక్షువు రాసినవి 11. 888లో రాణి జిన్‌సొంగ్ కాలంలో కూర్చిన "సామ్‌దేమోక్" అనే పెద్ద సంకలనం పోయింది. ఉన్నవాటికి కూడా మాటలే మిగిలాయి, వరస (పాడే బాణీ) లేదు. అందుకే ఇవాళ సంగీతం జాడ కాగితం మీద కూడా కనిపించే పాట ఒకటి తీసుకుందాం, "జొంగ్‌ఉప్‌సా".

ఇది బేక్జే అనే మరో ప్రాచీన కొరియన్ రాజ్యపు పాటగా చెప్పుకుంటూ వచ్చినది. బేరానికి ఊళ్లు తిరగడానికి వెళ్లిన భర్త ఎంతకీ రాలేదు. రాత్రి దారిలో ఆయనకు ఏమవుతుందోనని భార్య కొండమీద రాయెక్కి చూస్తూ పాడుతుంది. పాట చాలాకాలం నోళ్లలోనే నడిచి, కొరియన్ అక్షరాలు 1446లో జనంలోకి వచ్చాక, 1493 నాటి "అఖాక్ గ్వేబొమ్" అనే ఆస్థాన సంగీత గ్రంథంలోకి ఎక్కింది. గమనించండి, అది కవితల పుస్తకం కాదు. వాద్యాలు, నాట్యాలు, వేషాల గురించిన పుస్తకం, ఈ పాట అందులో ఒక డప్పు నాట్యంతో పాటు వస్తుంది.

మొదటి భాగం పైకి చదవండి:

దాల్‌హా నోపిగోమ్ దోదాస్యా
ఒగియా మొరిగోమ్ బిచ్వియోసిరా
ఒగియా ఒగాంగ్‌ద్యోరి
ఆఉ దారోంగ్‌దిరి

మొదటి రెండు పాదాలకు అర్థం, "చంద్రుడా, పైపైకి లేచి రండి, దూరదూరాలకు వెలుగివ్వండి." "దాల్" అంటే చంద్రుడు, "హా" పెద్దవాళ్లను పిలిచే పిలుపు, అందుకే "రండి" అన్నాను. "గోమ్" మాటకు ఒత్తు ఇస్తుంది, మన పైపైకి, దూరదూరాలకు లాగా. మూడు, నాలుగు పాదాలకు మాత్రం అర్థం లేదు.

ఇప్పుడు అభ్యాసం. పెన్సిల్ తీసుకుని "ఒగియా", "ఒగాంగ్‌ద్యోరి", "ఆఉ దారోంగ్‌దిరి" వచ్చిన చోటల్లా కొట్టేయండి. మొదటి భాగంలో రెండు పాదాలు మిగులుతాయి. రెండో భాగంలో "బజారుకు వెళ్లారా, తడిచోట అడుగు వేస్తారేమో" అనే రెండు, మూడో భాగంలో "ఎక్కడైనా సరే దించేయండి, నడిచే దారిలో చీకటి పడుతుందేమో" అనే రెండు. రెండేసి చొప్పున మూడు జతలు. ముందు పాఠాల్లో చెప్పిన సిజో అనే మూడు పాదాల కొరియన్ కవిత ఆకారం లీలగా కనిపిస్తోంది కదూ? చాలామంది పరిశోధకులు ఈ పోలికను చూపించారు. సిజో ఇక్కడే పుట్టిందని అంతమాత్రాన తేలిపోదు, కానీ చూపు అటు వెళ్లడం మంచిదే.

మొదట్లో నేను ఇక్కడే ఆగిపోయేవాణ్ని. కొట్టేసినవి పొల్లు అనుకుని ఏళ్ల తరబడి అలాగే చదివాను, ఒక మంచి పాటను సగమే విన్నానని తర్వాతగానీ తెలియలేదు. కాబట్టి కొట్టేసినవన్నీ మళ్లీ రాయండి. రాశాక, ఆ గ్రంథంలో పాదాల పక్కన ఉన్న గుర్తులు చూడండి. మొదటి భాగానికి "ముందు వరస" అని ఉంటుంది, "ఆఉ దారోంగ్‌దిరి"కి "చిన్న ఆకు" అని విడిగా పేరు ఉంటుంది, ఆ తర్వాత "వెనుక వరస". అంటే రాసినవాళ్లు ఈ పాటను అర్థాన్ని బట్టి విడదీయలేదు, వరసను బట్టి విడదీశారు. అర్థం లేని ఆ ఒక్క ముక్కకు సంగీతంలో సొంత స్థానం ఉంది! పైగా అది మొదలయ్యేది హ్యాంగాలో విన్న అదే "ఆఉ"తో. ఇంకో సంగతి, రెండో భాగం చివర "చిన్న ఆకు" రాదు, మూడో భాగం చివర మళ్లీ వస్తుంది. గట్టిగా పాడితే ఆ ఖాళీ మీకే తెలుస్తుంది.

కొర్యో కాలం (918–1392) పాటల్లో ఇలాంటివి ఇంకా ఉన్నాయి. "దోంగ్‌దోంగ్" అనే పన్నెండు నెలల పాటలో పల్లవి "ఆఉ దోంగ్‌దోంగ్‌దారి", అందులో డప్పు దెబ్బ చెవికి తగులుతుంది.

ఇక సిజో. హ్వాంగ్ జిని అనే కవయిత్రి రాసిన ప్రసిద్ధమైన సిజో చివరి పాదం, "నిండు వెన్నెల కొండంతా పరుచుకుంది, కాసేపు ఆగి వెళితే ఏమి?" అని. ఆ పాదంలో మొదటి మూడు అక్షరాలు "మ్యొంగ్‌వొరి", అంటే వెన్నెల, "మ్యొంగ్‌వొల్" అనేది గిసేంగ్‌గా (ఆటపాటల కళాకారిణిగా) ఆమె పేరు కూడా. కాగితం మీద సిజోకు మూడు పాదాలే, కానీ గాగోక్ అనే పద్ధతిలో పాడితే ఐదు భాగాలు. నాలుగో భాగం మొత్తం ఈ మూడు అక్షరాలకే! వాటికి ముందు వాద్యాలు మాత్రమే మోగుతాయి. సిజోచాంగ్ అనే ఇంకో పద్ధతిలో చివరి మాటను పాడకుండా వదిలేస్తారు, "కాసేపు ఆగి వెళితే..." దగ్గర గొంతు ఆగుతుంది. "ఏమి" అనేది వినేవాళ్లు మనసులో అనుకోవాలి.

వచ్చే పాఠానికి ఇంటిపని. "సుజేచొన్" అనే ఆస్థాన వాద్య సంగీతం వినండి. దీనికి "జొంగ్‌ఉప్" అనే పేరు కూడా ఉంది. ఒకప్పుడు మన పాటతో కలిసి నడిచినదే, ఇప్పుడు మాటలు పోయి వాద్యాలే ఉన్నాయి. చాలా నెమ్మదిగా సాగుతుంది, తాళం వేయబోతే చెయ్యి ఆగిపోతుంది, కంగారు పడకండి. సన్నాయిలా పీక పెట్టి ఊదే "పీరీ"ని మాత్రం పట్టుకోండి. అది ఊపిరి తీసుకోవడానికి ఆగినప్పుడు వేణువు, తంత్రీ వాద్యాలు అందుకుంటాయి. పీరీ ఆగిన చోటల్లా కాగితం మీద ఒక గీత పెట్టి తెండి, ఆ గీతల పక్కన "ఆఉ దారోంగ్‌దిరి" ఎక్కడ పడుతుందో వచ్చేవారం కలిసి వెతుకుదాం.