పాత మ్యాపుల్తో మన ఊరి చరిత్ర చెప్పేదెట్ల

సోషల్ చెప్పే సార్లు, మేడంలు కొందరు పాత మ్యాపులు క్లాసులో ఎట్ల వాడేదని అడుగుతున్నారు, కర్నూల్లో నేను చేసే పద్ధతి చెప్తా, పనికొస్తే వాడుకోండి.

నెట్లో మ్యాపులు వెతికేటప్పుడు ముందు స్పెల్లింగు. సగం మంది ఇక్కడే ఆగిపోతారు. కడపకి ఇప్పటి స్పెల్లింగు కొడితే పాతవి పెద్దగా రావు, సి యు డి డి ఏ పి ఏ హెచ్ అని తెల్లోళ్ళ లెక్కలో కొట్టాల. అనంతపురం జిల్లా 1882లో బళ్ళారి నుంచి విడిపోయింది, అంతకు ముందువి బళ్ళారి పేరుతోనే వెతకాల. 1800లో నిజాము ఈస్టిండియా కంపెనీకి ఇచ్చేసిన దత్తమండలాలకి సీడెడ్ డిస్ట్రిక్ట్స్ అని కొట్టండి. కర్నూలు మాత్రం 1839 దాకా నవాబు చేతిలోనే ఉండె, కాబట్టి అంతకు ముందు మ్యాపులో మన ఊరికి వేరే రంగేసుంటే అచ్చు తప్పు అనుకోవద్దండి.

డేవిడ్ రమ్సీ మ్యాప్ కలెక్షన్ అనే సైట్లో పెద్ద మ్యాపులు ఫ్రీగా ఉన్నాయి, అయితే నేను ఎక్కువ వాడేది టెక్సస్ యూనివర్సిటీ లైబ్రరీ సైట్లో ఉండే అమెరికన్ ఆర్మీ వాళ్ళ 1950ల నాటి షీట్లు. సెంటీమీటరుకి రెండున్నర కిలోమీటర్లు, చిన్న ఊర్లు కూడా కనిపిస్తాయి. షీటు దింపుకుని చుట్టూ ఉండే తెల్ల అంచు కత్తిరించేయండి, మూలల్లో రాసుండే అక్షాంశ రేఖాంశాలు మాత్రం ముందే నోట్ చేసుకోండి. గూగుల్ ఎర్త్ ప్రో, అదీ కంప్యూటర్‌లోదే, అందులో ఇమేజ్ ఓవర్‌లే పెట్టి లొకేషన్ ట్యాబులో ఆ అంకెలు కొడితే మ్యాపు దాని జాగాలో అదే కూర్చుంటుంది. చేత్తో లాగి అతికించాలని చూస్తే సాయంత్రమవుతుంది, నాకైంది.

ఇంక ఐఎఫ్‌పీ, అదే క్లాసులో ఉండే పెద్ద టచ్ స్క్రీన్, దాని మీద ఆ ట్రాన్స్‌పరెన్సీ గీతని మెల్లగా జరపండి. పాత మ్యాపులో కృష్ణ సన్నగా పోతుంటుంది, జరిపేకొద్దీ కింద నుంచి శ్రీశైలం రిజర్వాయరు నీళ్ళు తేలతాయి. డ్యాము పని 1960లో మొదలై 1981కి అయిపోయింది. సంగమేశ్వరం గుడి ఎండాకాలంలోనే ఎందుకు బయటపడుతుందో అప్పుడు వేరేగా చెప్పే పనిలేదు. నేను చూపించినప్పుడు వెనక బెంచీ పిల్లోడొకడు లేచి, "సార్, మా అవ్వోళ్ళ ఊరు ఆ నీళ్ళ కింద ఉండె" అన్నాడు, ఆ పీరియడ్ పాఠం వాడే చెప్పినట్లయింది.

ఫొటోలకైతే లయన్ అనే ఆయన 1868లో తీసిన తాడిపత్రి గుళ్ళు బ్రిటిష్ లైబ్రరీ కలెక్షన్లో ఉన్నాయి. బుగ్గ రామలింగేశ్వరుడి గుళ్ళో సగంలో ఆగిపోయిన గోపురాలు ఇప్పటి సెల్ ఫొటో పక్కన పెట్టి, ఏం మారింది ఏం మారలేదు అని అడగండి, మీరు గమ్మునుండండి. వాట్సాప్‌లో తిరిగే "వందేండ్ల నాటి కొండారెడ్డి బురుజు" లాంటివి మాత్రం గూగుల్ లెన్స్‌లో వేసి చూడకుండా పిల్లోళ్ళకి చూపించొద్దు.

అన్నీ ఇంట్లోనే దింపుకుని పెన్‌డ్రైవ్‌లో పోండి, స్కూల్ నెట్‌ని నమ్ముకోవద్దు. హోంవర్కుగా మునిగిపోయిన ఊర్ల పేర్లు ఇంట్లో పెద్దోళ్ళని అడిగి రమ్మనండి, వచ్చిన పేర్లకి పాత మ్యాపు మీద పిన్నులు గుచ్చి ఆ ఫైలు సేవ్ చేసి పెట్టుకోండి, మళ్ళా ఏడు వచ్చే బ్యాచి అక్కడ నుంచి మొదలుపెడతారు.