ఠాకురాణి యాత్రలో రాత్రి ఫొటోలు: ఐఎస్ఓ పెంచడానికి భయపడొద్దు

ఒడిశాలోని బరంపురంలో జరిగే అమ్మవారి జాతర, ఠాకురాణి యాత్రలో పులివేషం గంతులేస్తుంటే ఐఎస్ఓ (కెమెరా ఫొటోను ఎంత వెలిగించి చూపాలో చెప్పే అంకె) 400తో పని జరగదు. మాన్యువల్ మోడ్‌లో అపెర్చర్ (లెన్స్‌లో వెలుతురు వచ్చే రంధ్రం) ఎఫ్/2.8, లేదా లెన్స్ ఎంత తెరుచుకుంటే అంత. షట్టర్ 1/250 సెకను, ఘటాలు మెల్లగా నడిచొస్తుంటే 1/125 చాలు. ఐఎస్ఓ ఆటోలో ఉంచి గరిష్ఠం 6400 పెట్టండి. రా ఫార్మాట్‌లోనే (కెమెరా కుదించని ముడి ఫైల్) తీయండి.

నాయిస్ (ఫొటోలో గరుకు చుక్కలు) వస్తుందని చీకటిగా తీయడమే అసలు తప్పు. నాయిస్ ముఖ్యంగా వెలుతురు చాలకే వస్తుంది. 1600లో నల్లగా తీసి కంప్యూటర్లో వెలిగించిన మొహం కన్నా, 6400లో సరిగ్గా తీసిందే చాలా కెమెరాల్లో బాగుంటుంది. వెనక బల్బులు తెల్లగా మాడిపోతే పోనీండి.

ఎల్ఈడీ తోరణాల కింద అడ్డచారలు పడితే ఐఎస్ఓను తిట్టొద్దు. మన కరెంటు 50 హెర్ట్జ్, చాలా దీపాలు సెకనుకు 100 సార్లు మిణుకుతాయి, చారలు అందుకే. షట్టర్ 1/100కి దించి, గంతు ఆగిన క్షణంలో నొక్కండి.