ఎయిర్ ఫిల్టర్ మారిస్తే ఇంజిన్ సౌండ్ నిజంగా మారుతుందా?

మారుతుంది, కానీ ఫిల్టర్ వల్ల కాదు. ఇంజిన్ గాలి పీల్చే చప్పుడును నొక్కిపెట్టేది ఫిల్టర్ చుట్టూ ఉన్న ప్లాస్టిక్ డబ్బా. గాలి సిలిండర్‌లోకి పోయే ఇన్‌టేక్ వాల్వ్ తెరుచుకున్నప్పుడల్లా ఒక ఒత్తిడి తరంగం పైపులో వెనక్కి తన్నుకొస్తుంది, నాలుగు సిలిండర్ల ఇంజిన్ 3000 ఆర్‌పీఎం మీద ఉంటే అలాంటివి సెకనుకి 100. ఆ గర్జన బయటికి రాకుండా కంపెనీ ఎయిర్ బాక్స్‌నే సైలెన్సర్‌లా తయారుచేస్తుంది. పైపు పక్కన ఎటూ దారిలేని బుడ్డి లాంటిది కనిపిస్తే అదే రెజొనేటర్, కొన్ని ఫ్రీక్వెన్సీలను తగ్గించడమే దాని పని.

అందుకే పాత డబ్బాలోనే పట్టే డ్రాప్-ఇన్ ఫిల్టర్ వేస్తే తేడా చాలా తక్కువ, చెవులు రిక్కించి వింటే తప్ప తెలియదు. బొంగురు సౌండ్ కావాలంటే డబ్బా తీసేసి ఓపెన్ కోన్ ఫిల్టర్ పెట్టాలి. అప్పుడు కూడా మెల్లగా పోతున్నంతసేపు పెద్ద తేడా ఉండదు, ఎందుకంటే పెట్రోల్ ఇంజిన్‌లో థ్రాటిల్ (గాలిని వదిలే తలుపు లాంటిది) దాదాపు మూసుకునే ఉంటుంది, యాక్సిలరేటర్ గట్టిగా తొక్కి అది పూర్తిగా తెరుచుకున్నప్పుడే గర్జన వస్తుంది. టర్బో బండి అయితే గర్జన కన్నా టర్బో ఈల, కాలు తీయగానే వచ్చే 'ఫుస్స్' ఎక్కువ వినిపిస్తాయి. (నాకైతే అదే ఇష్టం.)

మార్చడం కష్టమేమీ కాదు. ఇంజిన్ చల్లారాక, లోపలికి పోయే గాలిని కొలిచే సెన్సార్ ప్లగ్ పీకి, క్లాంప్‌లు వదులు చేసి డబ్బా బయటికి తీయండి. పైపు లోపల దుమ్ము తుడిచి, కోన్‌ను సెన్సార్‌కి ముందువైపున, సెన్సార్ మీది బాణం ఇంజిన్ వైపు చూసేలా బిగించండి. సెన్సార్ తర్వాత ఎక్కడ గాలి లీకైనా దాని లెక్క తప్పి ఐడ్లింగ్ (బండి ఆగి ఉన్నప్పటి ఇంజిన్ వేగం) ఊగిసలాడుతుంది, చెక్ ఇంజిన్ లైట్ కూడా వెలగొచ్చు. బిగించాక సన్నటి 'స్స్' వినిపిస్తే అది కొత్త సౌండ్ అనుకుని మురిసిపోకండి, క్లాంప్ చూడండి. నూనె రాసే కాటన్ ఫిల్టర్ అయితే నూనె తక్కువే రాయాలి, ఎక్కువైతే సెన్సార్ తీగ మీద పేరుకుంటుంది.

సౌండ్ పెరిగింది కదా, పవర్ కూడా పెరిగిందనుకుంటారు చాలామంది. బానెట్ కింద ఓపెన్‌గా ఉన్న కోన్ ఇంజిన్ వేడి గాలినే పీలుస్తుంది, వేడి గాలిలో ఆక్సిజన్ తక్కువ, కాబట్టి పవర్ కాస్త తగ్గినా ఆశ్చర్యం లేదు. ఇంజిన్‌కీ కోన్‌కీ మధ్యలో వేడిని ఆపే హీట్ షీల్డ్ పెట్టండి. చల్లగాలి కోసం ఫిల్టర్‌ను బంపర్ వెనక కిందికి దించేవాళ్లు మాత్రం నీళ్లు నిలిచిన రోడ్డు మీదికి పోకూడదు, ఆ నీరు సిలిండర్‌లోకి చేరిందంటే పిస్టన్‌ను పట్టి ఉంచే కనెక్టింగ్ రాడ్ వంగిపోవచ్చు.

తేడా తేల్చుకోవాలంటే మార్చకముందు, మార్చాక అదే రోడ్డు మీద, అదే గేరులో, పక్కనున్న వాళ్ల ఫోన్‌తో రికార్డు చేయించండి. పాత డబ్బాను, దాని స్క్రూలను పారేయకండి, బండి అమ్మేటప్పుడు అడుగుతారు.